అష్టాపదం మీద చతురంగం

చదరంగం మన దేశంలోనే పుట్టిందని గర్వంగా చెప్పుకుంటాము. నిజానికి ముందు పుట్టింది పలక. రాజూ, బలగమూ తరువాత వచ్చి దానిమీద నిలిచాయి. వరుసకు ఎనిమిది చొప్పున అరవైనాలుగు గళ్ళున్న ఆ పలకకు అష్టాపదమని పేరు. పతంజలి మహాభాష్యంలోనే దాని ప్రసక్తి వున్నది. తొలినాళ్ళలో దానిమీద పాచికలు వేసి పావులు నడిపేవారని పండితుల ఊహ.

మా ఘంటసాలవారికి ఇక్కడొక తమాషా సంగతి చెప్పాలి. క్రీ. శ. రెండవ శతాబ్దంలో టాలెమీ పేర్కొన్న కంటకోస్సిల యీ వూరేనంటారు. ఇక్కడి బౌద్ధస్తూపాన్ని గురించి అలెగ్జాండర్ రే 1894లో గ్రంథస్థం చేశాడు. ఆ బౌద్ధుల బ్రహ్మజాల సూత్రంలో భిక్షువులకు తగని ఆటల పట్టీ ఒకటి వుంది. అందులో మొట్టమొదటివి అష్టాపదమూ, దశపదమూ! పనిగట్టుకుని వద్దన్నారంటే, ఎంత మోజుగా ఆడేవారో మరి!

ఏడవ శతాబ్దంలో బాణుడు హర్షచరిత్రలో అష్టాపదాన్నీ చతురంగాన్నీ ముడిపెట్టి శ్లేష పలికించాడు. అప్పటికే రథ, గజ, తురగ, పదాతులు పలకెక్కాయన్న మాట. పాచికలతో పనిలేదు; గెలిచినా ఓడినా ఆడినవాడి బుద్ధిదే పూచీ. పారశీకులు దీనిని చత్రంగ్ అన్నారు, అరబ్బులు షత్రంజ్ అన్నారు. అప్పట్లో మంత్రి అర్భకుడు. మూలగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. పదిహేనవ శతాబ్దం చివర ఐరోపాలో ఆ మంత్రే రాణి అయి, పలకంతా ఏలసాగింది. మనం మాత్రం ఆమె నడక తెచ్చుకుని, పేరు మంత్రిగానే వుంచుకున్నాము.

ఇంకో తారుమారు చూడండి. పాత ఆటలో తిన్నగా పోయేది రథం, మూలగా పోయేది ఏనుగు. మన ఇళ్ళలో తిన్నగా పోయేది ఏనుగు, మూలగా పోయేది శకటు. శకటమంటే బండే కదా! బండీ ఏనుగూ ఎక్కడో చోట్లు మార్చుకున్నాయి. హిందీవారికి ఆ మూలగా పోయేది ఒంటె.

మన పాత పద్ధతిలో బంటుకు మొదటి ఎత్తులో రెండు గళ్ళ దూకుడు లేదు. రాజు ఒక్కసారి గుర్రంలా గెంతవచ్చు. ఆ పద్ధతిలో పెరిగిన మీర్ సుల్తాన్ ఖాన్ ఐరోపా పద్ధతి నేర్చుకుని 1929లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. తరువాత తరువాత మన నియమాలే మనకు కొత్త అయిపోయాయి.

అరుగులమీద చదరంగం చాలాకాలం మగవారి సొత్తు. ఆడపిల్ల పలక ముందు కూర్చుంటే, “వంటింట్లో పని లేదా?” అనే పెద్దలు లేని వూరు లేదు. మా పొరుగున గుడివాడలో 1987లో పుట్టిన కోనేరు హంపికి మాత్రం తండ్రి అశోక్ తానే గురువై ఆట నేర్పాడు. 2002లో, పదిహేనేళ్ళకే, ఆమె గ్రాండ్‌మాస్టర్ అయింది. అప్పటికి ప్రపంచంలో అంత చిన్న వయసులో ఆ బిరుదు పొందిన స్త్రీ లేదు. 2019లో మాస్కోలోనూ, 2024లో న్యూయార్కులోనూ ప్రపంచ మహిళా ర్యాపిడ్ ఛాంపియన్‌గా నిలిచింది. రెండుసార్లూ ఇంటి దగ్గర ఒక చిన్నపాప ఆమెకోసం ఎదురుచూస్తూ వున్నది.