వంకాయ ముచ్చికకీ ఓ పేరుంది

వంకాయలు కొనేటప్పుడు మనలో చాలామంది ముందు చూసేది కాయని కాదు, ముచ్చికని. పచ్చగా, బిగువుగా కాయని అంటిపెట్టుకుని ఉంటే బుట్టలో వేస్తాం. వడలి గోధుమరంగుకి తిరిగితే కాయ ఎంత నిగనిగలాడినా పక్కన పెట్టేస్తాం. కాయమీద టోపీలా కూర్చున్న ఆ పచ్చని భాగం నిజానికి పువ్వుది! వృక్షశాస్త్రంలో దాన్ని రక్షక పత్రావళి అంటారు.

పువ్వులో నాలుగు వలయాలుంటాయి. అన్నిటికంటే బయటిది ఇదే. ఆ తర్వాత రంగురేకులు, కేసరాలు, నడుమ అండకోశం. మొగ్గగా ఉన్నప్పుడు లోపలివాటిని కప్పి కాపాడడం దీని పని. పువ్వు విచ్చుకున్నాక దీన్ని పట్టించుకునేవాళ్ళుండరు. జడలో పెట్టుకునే గులాబీని తిరగేసి చూసేదెవరు చెప్పండి?

నేను బి.యస్సీ.లో ఇదంతా చదువుకున్నాను. పెళ్ళయ్యాక, "వంకాయలు తరగడానికి బోటనీ ఎందుకమ్మా?" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అనేవారు. నాకైతే కత్తిపీట ముందు కూర్చున్నాకే ఆ పాఠం బాగా ఒంటబట్టింది. బెండపువ్వు రాలేటప్పుడు రక్షక పత్రావళీ దాంతోపాటే రాలిపోతుంది. మిరప, టమాటాల్లో కాయతోనే ఉండిపోతుంది. వంగలోనైతే కాయతోపాటు పెరుగుతుంది కూడా. గుత్తివంకాయకి ఆ వైపు కోయకుండా వదిలేస్తాం కాబట్టే నాలుగు చీలికలూ విడిపోకుండా నిలుస్తాయి. దానిమ్మ తలమీది కిరీటం, జామకాయ చివర ఎండిపోయి కనిపించే ముక్కు కూడా ఇవే. గడ్డిచామంతిలో ఇది సన్నని నూగుగా మారి, గింజని గాలిలో ఎగరేసుకుపోతుంది.

అన్నిట్లోకీ నాకు ముచ్చటైనది గోంగూర. తెలంగాణలో పుంటికూర అంటారు కదా, అదే. చలికాలంలో మనం "గోంగూర పూలు" అని కొనే ఎర్రటి పుల్లటివి పూలు కానేకావు. అసలు పువ్వు ఒక్కరోజు పూసి వాడిపోతుంది. తర్వాత రక్షక పత్రాలు కండపట్టి, ఎర్రబడి, లోపలి కాయని మూసేస్తాయి. ఈజిప్టులో వీటినే ఎండబెట్టి, 'కర్కడే' అనే ఎర్రటి పానీయం కాచుకుంటారు. మనకేమో పచ్చడి! కాయ తీసేసి, రేకల్ని నూనెలో మగ్గించి, వేయించిన ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి నూరితే చాలు. పులుపు ఎక్కువనిపిస్తే కాస్త బెల్లం వెయ్యండి. తీసేసిన కాయల్లో ముదిరినవుంటే పారేయకండి. ఎండబెట్టి గింజలు దాచుకుంటే తొలకరికి కుండీలో వేసుకోవచ్చు.