స్వాతి నాడు చంటిదాన్ని ఎవరెత్తుకోవాలి?

అహోబిలంలో చిన్న వ్యాపారం పంచాంగం చూసి నడుస్తుంది. శని, ఆదివారాలు ఒక ఎత్తు. ఇరవై ఏడు రోజులకోసారి వచ్చే స్వాతి నక్షత్రం ఒక్కటీ ఒక ఎత్తు. అది నరసింహుడి జన్మ నక్షత్రం. ఆ రోజు అభిషేకాలకని హైదరాబాదు, బెంగళూరు, చెన్నై వైపు నుంచి జనం ముందురోజు రాత్రికే దిగువ అహోబిలం చేరుకుంటారు. తెల్లారకముందే వాళ్లకు కాఫీ కావాలి. ఎనిమిది కిలోమీటర్లు పోయి, ఎగువ అహోబిలంలో దిగి, అక్కణ్నుంచి జ్వాలా నరసింహుడి దాకా కొండెక్కాలంటే కడుపులో ఏదో ఒకటి పడాలి, చేతికి కర్ర కావాలి. మామూలు రోజుల్లో ఈగలు తోలుకునే టిఫిన్ బండికి ఆ పూట ఊపిరి సలపదు.

సరిగ్గా ఆ పూటే ఏడాదిన్నర పాపకు ఒళ్లు కాలిపోతుంటే?

పిల్లల డాక్టరు కావాలంటే ఆళ్లగడ్డ పోవాలి, లేదా నంద్యాల. పోతే బేరం పోతుంది. పోకపోతే మనసు నిలవదు. కొత్తగా బండో కొట్టో పెట్టుకున్న పడుచు జంటలకు అసలు కష్టం ఇక్కడుంది. అప్పు ఏదో ఒక దారిన పుడుతుంది. పాపను ఎత్తుకునే చెయ్యి అంత తేలిగ్గా పుట్టదు.

ఉగ్గాని కథ

సీమ టిఫిన్ అంటే ఉగ్గాని, బజ్జి. ఇది ఎలా చేస్తారో ఒకసారి దగ్గర నిలబడి చూస్తే, పసిపిల్లలున్న ఇంటికి వ్యాపారం ఎందుకంత బరువో అర్థమవుతుంది.

పుట్నాలు, ఎండుమిరప, వెల్లుల్లి కలిపి దంచిన పొడి ముందురోజే సిద్ధం చేసుకోవచ్చు. ఉల్లిగడ్డలు రాత్రే తరుక్కోవచ్చు, బజ్జి మిరపకాయలు చీల్చి పెట్టుకోవచ్చు. బొరుగులను మాత్రం ముందుగా నానబెట్టడానికి లేదు. మనిషి వచ్చి నిలబడ్డాకే నీళ్లలో ముంచాలి, వెంటనే పిండాలి, వేడి తిరగమోతలో వేసి కలపాలి, నిమ్మకాయ పిండాలి, పైన పొడి చల్లాలి. కాస్త ఆలస్యమైతే బొరుగులు ముద్దయిపోతాయి. బజ్జి సంగతి చెప్పనే అక్కర్లేదు. మూకుడులో నూనె కాగుతుంటే అక్కడి నుంచి కదలడానికి వీల్లేదు. అంటే ఉగ్గాని బజ్జికి గిరాకీ ఉన్నంతసేపూ రెండు చేతులూ, రెండు కళ్లూ అక్కడే ఉండాలి.

ఇడ్లీ అలా కాదు. పిండి రాత్రే రుబ్బి పెట్టుకుంటే పొద్దున ఆవిరి దాని పని అది చేసుకుపోతుంది. పది నిమిషాలు దొరుకుతాయి. ఆ పది నిమిషాల్లో బిడ్డకు పాలివ్వొచ్చు, పెద్దవాడికి జడివానలా కారే ముక్కు తుడిచి చొక్కా తొడగొచ్చు. అందుకే బిడ్డతల్లి ఒంటరిగా బండి నడిపితే ముందు ఇడ్లీ మీదే నిలదొక్కుకోవడం మేలు. పాప నడక నేర్చిందా, కాగే నూనె దగ్గర కాపలా ఇంకొకరు ఉండి తీరాలి. గిరాకీ ఏమడుగుతోందో ఆనక సంగతి. ఏం వండాలో ముందు నిర్ణయించేది ఇంట్లో బిడ్డ వయసు. వ్యాపార పాఠాలు చెప్పేవాళ్లు ఈ ముక్క చెప్పగా నేను వినలేదు.

"మా, చెల్లి లేసింది!" అని ఐదేళ్లవాడు కేకేస్తాడు.

"జేజిని పిలువు నాయనా. ఈ వాయి దించి వస్తా."

జేజి, అంటే నానమ్మ, ఉన్న ఇల్లు కాబట్టి ఆ మాట అనగలిగింది.

తొమ్మిదింటికి తెరిచే తలుపు

అంగన్‌వాడీ ఉంది కదా అనొచ్చు. ఉంది. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. దేశంలో పసిపిల్లల కోసం ఇంత పెద్ద ఏర్పాటు మరొకటి లేదు, ఆ గొప్ప తక్కువ చేయకూడదు. కానీ మన రాష్ట్రంలో కేంద్రాన్ని పొద్దున తొమ్మిదికి తెరిచి సాయంత్రం నాలుగుకు మూస్తారు. యాత్రాస్థలంలో టిఫిన్ బండి ఐదింటికి మొదలై పదింటికల్లా చల్లబడుతుంది. అమ్మకు చెయ్యి ఖాళీ అయ్యే వేళకు అంగన్‌వాడీ తలుపు తెరుచుకుంటుంది. పైగా అక్కడ కూర్చోబెట్టి చదువు, ఆట నేర్పేది మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు. మూడేళ్ల లోపు వాళ్లకు ఇంటికి సరుకు ఇస్తారు, బరువు తూస్తారు. రోజంతా కనిపెట్టుకుని ఉండాల్సిన వయసుకే కనిపెట్టుకునే ఏర్పాటు లేదు. 2022లో కేంద్ర ప్రభుత్వం పాత శిశు సంరక్షణ కేంద్రాల పథకాన్ని పాల్నా పేరుతో మార్చి, అంగన్‌వాడీలోనే క్రెష్ నడపాలని తలపెట్టింది. ఆలోచన సరైనదే. యాత్రల ఊళ్లలో దాని గంటలు ఎవరి గడియారం చూసి పెడతారన్నదే ముఖ్యం.

చట్టం సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి సెలవును 26 వారాలకు పెంచారు, యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు. బండి యజమాని తానే, పనిమనిషి తానే అయిన ఆడమనిషికి సెలవు ఎవరివ్వాలి? బాలింత ఎప్పుడు మళ్లీ పొయ్యి దగ్గరికి రావాలో తేల్చేది తర్వాతి కంతు గడువు.

అప్పు మాటకొస్తే దారులు బాగానే ఉన్నాయి. 2015 ఏప్రిల్ 8న మొదలైన ముద్రలో శిశు విభాగం కింద 50 వేల దాకా ఇస్తారు. పథకానికి శిశువు అని పేరైతే పెట్టారు గానీ, ఇంట్లో శిశువు ఉందా, ఉంటే ఎవరు చూస్తారు అన్న సంగతి మాత్రం అప్పు లెక్కలోకి రాదు. డ్వాక్రా సంఘం నుంచి బ్యాంకు లింకేజీ, అది చాలకపోతే స్త్రీనిధి. ప్రాజెక్టు అని రాసే కాగితంలో స్టవ్వు ధర ఉంటుంది, వ్యాపారానికి వాడాల్సిన 19 కిలోల సిలిండరు ఉంటుంది, గిన్నెలుంటాయి. జేజి ఉండదు. రోజుకు ఆరేడు గంటలు పసిపిల్లను చూసే మనిషికి కూలి కట్టి చూడండి. మొదటి ఏడాది లాభమని రాసుకున్నదాంట్లో ఎంత మిగులుతుందో! నన్నడిగితే ఆమె ఆ బండిలో వాటాదారు. మోకాళ్ల నొప్పులతో ఆమె మంచం పట్టిన నాడు బండి కూడా ఆగుతుంది.

ఈ లెక్కలోకి రాని పని ఎవరి మీద పడుతోందో జాతీయ గణాంక కార్యాలయం 2024 సమయ వినియోగ సర్వే చెబుతోంది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి పెడుతున్నారు. పిల్లల్ని, పెద్దల్ని చూసుకోవడంలో ఆడవాళ్లవి 137 నిమిషాలు, మగవాళ్లవి 75. వ్యాపారం పెట్టిందని ఆమె ఇంటిపని తగ్గదు కదా, మరి ఆ గంటలు ఎక్కణ్నుంచి వస్తాయి? నిద్రలోంచి.

ఆళ్లగడ్డలో కథ వేరు. అక్కడి శిల్పుల ఇళ్లది ఆర్డరు పని. నల్లరాతి విగ్రహం ఒక పూటలో తేలేది కాదు. బిడ్డకు జ్వరమొస్తే ఉలి ఒకరోజు పక్కన పెట్టినా విగ్రహం చెడిపోదు. కాకపోతే రాయి కోసే మిషన్ల దుమ్ము పసివాళ్ల ఊపిరితిత్తులకు మంచిది కాదు, పిల్లల్ని దూరంగా ఉంచాలి. పూట పనికి, ఆర్డరు పనికి ఉన్న ఈ తేడా వ్యాపారం ఎంచుకునే ముందే చూసుకోవాలి. ఉగ్గాని నిలవ ఉండదు. పుట్నాల పొడి ఉంటుంది, ఊరగాయ ఉంటుంది, అప్పడం ఉంటుంది.

అప్పడం అనగానే లిజ్జత్ గుర్తొస్తుంది. 1959 మార్చి 15న బొంబాయి గిర్గాంలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి మొదలుపెట్టారు. వాళ్ల ఎదుగుదల గురించి చాలామంది చెబుతారు. నాకు మాత్రం వాళ్ల పద్ధతే గొప్పగా తోస్తుంది. పిండి కేంద్రంలో కలుపుతారు. సభ్యులు ముద్దలు ఇంటికి పట్టుకుపోయి, వంట, పిల్లలు, బడి చూసుకుంటూ వీలైనప్పుడు ఒత్తి, ఆరబెట్టి, మర్నాడు అప్పగించి కూలి తీసుకుంటారు. ఇంటి గంటలు చూశాకే పని గంటలు పెట్టుకున్నారు. అహమ్మదాబాదులో 1972లో పుట్టిన ‘సేవా’ అనే స్వయం ఉపాధి మహిళల సంఘం ఇంకో దారి పట్టింది: తల్లుల పనివేళలకు సరిపడేలా సంఘమే పిల్లల కేంద్రాలు నడిపింది.

అంత దూరం పోనక్కర్లేదు. నంద్యాల నుంచి కర్నూలు పోయే దారిలోనే ఓర్వకల్లు ఉంది. 1990ల నడుమ ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం అండతో అక్కడ మొదలైన పొదుపు సంఘాలు పొదుపులక్ష్మి ఐక్య సంఘంగా ఎదిగాయి. విజయభారతి లాంటి నాయకురాళ్ల చేతుల మీదుగా పైసా పైసా కూడబెట్టిన ఆ ఆడవాళ్లు తమ సొమ్ముతో బాలభారతి అనే బడి కూడా పెట్టుకున్నారు. పిల్లల సంగతి తేలకుండా అప్పులిచ్చుకుని లాభం లేదని వాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. నెలకోసారి కూర్చునే సంఘం మీటింగులో కంతుల లెక్కతో పాటు, "స్వాతి నాడు ఎవరి పిల్లలు ఎవరింట్లో" అన్న లెక్క కూడా రాసుకుంటే అహోబిలం వీధికి అంతకన్నా చవకైన క్రెష్ లేదు. నలుగురు తల్లులుంటే చాలు, వంతులు వేసుకోవచ్చు. పూలమ్మే ఆమెకు రద్దీ వేళ ఒకటి, రాత్రి భోజనం పెట్టే ఆమెకు ఇంకొకటి.

మరి మగవాళ్లు? బజ్జి మూకుడు దగ్గర నిలబడ్డ భర్తను చూసి "ఏంరా, వంటోడివైతివా" అని నవ్వేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. నవ్వనీయండి. మూకుడు పట్టడం నిజానికి సులువైన సగం. డబ్బు కళ్లకు కనబడే పనికి మగవాడు త్వరగానే అలవాటు పడతాడు. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ పాపకు గంజి తాగించి, గుడ్డలు మార్చి, జోకొట్టే సగం ఇంకా ఆమె వంతే.

ఇక పండగలు. సంక్రాంతి మర్నాడు కనుమ నుంచి దాదాపు 45 రోజులు స్వామి పారువేటకు బయల్దేరి, చెంచులక్ష్మితో తన పెళ్లికి పిలవడానికి ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. పల్లకి వచ్చిన ఊరికి అదే పెద్ద పండగ. పుట్టింటి ఊరికి పల్లకి వస్తోందంటే బండి మూసి పిల్లల్ని తీసుకుని పోవాలా, మానాలా అని కొత్త వ్యాపారి ఇంట్లో ఒక తగువు ఖాయం. నా ఓటు పోవడానికే. ఆ ఒక్కరోజు బేరం పోయినా పిల్లలకు మేనమామల ఇల్లు మిగులుతుంది.

అది దాటితే ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు. తిరునాళ్ల జనంతో బేరం మళ్లీ పుంజుకుంటుంది. ఆ వెంటే మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. బడికి పోయిన పిల్లలు పన్నెండున్నరకల్లా ఆకలితో ఇంటికొస్తారు. ఏప్రిల్ ఆఖరులో వేసవి సెలవులు, వైశాఖంలో నరసింహ జయంతి. ఊరంతా యాత్రికులు, ఇల్లంతా పిల్లలు. కొత్తగా బండి పెట్టేవాళ్లు అప్పు కాగితం నింపేముందే ఆ నాలుగు నెలలకు పిల్లల్ని ఎవరు చూస్తారో ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. అత్తతో మాట్లాడాలి, పక్కింటి అక్కతో మాట్లాడాలి. అంగన్‌వాడీ టీచరును, సర్పంచును కలిసి రద్దీ రోజుల్లోనైనా కేంద్రాన్ని పొద్దున ఆరింటికి తెరిచే వీలుందేమో, దానికి అదనంగా ఒక ఆయాను పెట్టే వీలుందేమో అడగాలి. ఆ ఆయా కూలి సంఘం పొదుపులోంచి ఇవ్వొచ్చు. స్వాతి నాటి గల్లాపెట్టెలోంచి తలా ఇంత వేసుకున్నా సరిపోతుంది.