ట్యాంకు కొన్నా... నేల సంగతి మరిచా!

ఆ రాత్రి హైదరాబాద్‌లో క్లయింట్ కాల్‌లో ఉన్నా. అనంతపురం నుంచి అమ్మ వాట్సాప్‌లో ఓ ఫొటో పంపింది. కింద ఒకే ఒక్క వాక్యం: ‘తొట్టి ఒక పక్కకి ఒరుగుతా ఉంది రా’.

చూడగానే గుండె జారింది. వారం క్రితం నేనే దగ్గరుండి పెట్టించిన 5,000 లీటర్ల వాన నీళ్ల ట్యాంకు అది. మొదటి పెద్ద వానకి సగం నిండింది. ఒక వైపు నేల కుంగింది.

మా బోరు ఎండిపోయి రెండేళ్లు. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలీక అమ్మ తెల్లారకముందే లేచి కూర్చునేది. డబ్బులు నేను పంపేవాణ్ని, బిందెలు మోసేది మాత్రం ఆమే. మోకాళ్ల నొప్పులతో ఇంకెన్నాళ్లు?

అందుకే ల్యాప్‌టాప్ తీసి లెక్కలేశా. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మా డాబా వెయ్యి చదరపు అడుగులు, అంటే దాదాపు 93 చదరపు మీటర్లు. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడుతుందనుకుందాం. వృథా కింద 20 శాతం తీసేసినా 40 వేల లీటర్లు! కరవు సీమలోనూ మన డాబా మీదికి ఎనిమిది ట్యాంకర్ల నీళ్లు ఊరికే వస్తున్నాయన్నమాట.

ఎక్సెల్ షీట్‌లో అన్నీ ఉన్నాయి, ఒక్క బరువు తప్ప. 5,000 లీటర్లంటే 5 టన్నులు. నేనేమో రెండ్రోజుల సెలవులో పనైపోవాలని ఇటుకలు పేర్చి, పైన కడప బండలు పరిపించేశా. పైగా ఆ చోటు, ఇల్లు కట్టేటప్పుడు తవ్విన గుంతను పూడ్చిన చోటు. పైకి గట్టిగానే కనిపించింది మరి!

ట్యాంకు ఖాళీ చేయక తప్పలేదు. కానీ అమ్మ ఆ నీళ్లను నేలపాలు కానివ్వలేదు. వీధిలో అందరినీ కేకేసింది. రాత్రి పదకొండింటికి మా గేటు ముందు బిందెలు, బకెట్ల వరస. వీడియో కాల్‌లో చూస్తూ ఉండిపోయా. సిగ్గేసింది.

ఆ వారాంతమే ఊరెళ్లా. ఈసారి బాగా అనుభవమున్న బేల్దారిని పిలిచాం. ఆయన టేపు కూడా తీయలేదు, ముందు గడ్డపారతో నేలని పొడిచి చూశాడు. ‘‘సామీ, ఖాళీగా ఉంటే అది డ్రమ్ము. నిండితే ఏనుగు. ఏనుగు నిలబడే చోటు చూడాల’’ అన్నాడు.

పూడిక లేని గట్టి నేల వెతికాం. సెప్టిక్ ట్యాంకుకి దూరంగా, డాబా నీళ్లు దిగే పైపుకి దగ్గరగా. పై మట్టి తీసేసి, చుట్టూ రాతి కట్టు కట్టి, మధ్యలో మొరం పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరనీ తడిపి దిమ్మిసతో కొట్టించాం. దాని మీద కాంక్రీటు, ట్యాంకు అడుగు కన్నా చుట్టూ అరడుగు ఎక్కువగా. లెవెల్ పైపుతో నాలుగు మూలలా మట్టం చూశాడు. ట్యాంకు అడుగంతా దిమ్మెకి ఆనాలి, ఎక్కడా సందు ఉండకూడదు. కుళాయి కింద బిందె పట్టేంత ఎత్తు ఉండాలి. తర్వాత పది రోజులు గోనెపట్టాలు తడుపుతూ క్యూరింగ్. నాకు ఓపిక లేదు, అమ్మకి ఉంది.

మిగతాది తేలిక. పైపు మూతికి దోమలు దూరని జాలీ. దుమ్ముతో వచ్చే తొలి వాన నీళ్లని బయటికి వదలడానికి ఒక వాల్వు. లోపలికొచ్చే పైపు ఎంత లావో, నిండాక పొంగే నీళ్లు పోయే పైపూ అంత లావు. అది ఇంకుడు గుంతలోకి. ఎండ సోకితే పాచి పడుతుంది కాబట్టి వెలుతురు చొరబడని ట్యాంకే వాడాలి. ఇంకో మాట, ఖాళీ ట్యాంకు గాలికి కదిలిపోతుంది. దిమ్మె ఎక్కించగానే కొన్ని నీళ్లు పోసేయండి.

ఈ నీళ్లు గిన్నెలకి, బట్టలకి, మొక్కలకి వాడుతున్నాం. తాగడానికి మాత్రం క్యానే. 40 వేల లీటర్లూ ఈ ఒక్క ట్యాంకులో పట్టవు, ఎండాకాలంలో ట్యాంకర్ తప్పదు కూడా. అయినా తేడా తెలుస్తోంది.

అక్టోబరు చివర్లో అమ్మ ఫోన్ చేసింది. చాలాసేపు వీధి కబుర్లు చెప్పి, పెట్టేసే ముందు అంది: ‘‘ఈ నెల ట్యాంకర్‌వాడికి ఫోన్ చేయలేదు రా. పొద్దున ఆరున్నర దాకా పడుకున్నా.’’