రాత్రివేళ దూరపు కేంద్రములు

పగలు ఎంత వెదకినను దొరకని దూరపు మీడియం వేవ్ కేంద్రము ప్రొద్దుగ్రుంకిన తరువాత స్పష్టముగా పలుకుట శ్రోతలెరిగినదే. అంతలో ఆ కేంద్రమునకు శక్తి పెరుగలేదు. మన సెట్టులో మార్పేమియు లేదు. మారినది ఆకాశము.

పరమాణువులో ధనవిద్యుత్తును ఋణవిద్యుత్తును సరిసమానముగా నుండును. ఒక ఎలక్ట్రాను ఊడిపోయినచో మిగిలినది ధనవిద్యుత్తుగల అయాను. భూమికి 60 కిలోమీటర్లకు పైని పలుచని గాలిలో సూర్యుని అతినీలలోహిత కిరణములును ఎక్స్‌రేలును పగలెల్ల ఈ పని చేయుచుండును.

అట్టి పొర యొకటి యుండవలెనని 1902లో కెన్నెలీ, హెవిసైడ్ వేరువేరుగా ఊహించిరి. దానిని 1924లో రుజువుచేసినవారు ఆపిల్టన్, బార్నెట్‌లు. బి.బి.సి. వారి బోర్న్‌మత్ కేంద్రము, రాత్రి కార్యక్రమములు ముగిసిన పిమ్మట, వారికొరకు తరంగదైర్ఘ్యమును మెల్లమెల్లగా మార్చుచు ప్రసారము చేసినది. ఆక్స్‌ఫర్డులో వారు వినుచుండిరి. నేలవెంట వచ్చిన తరంగము, పైనుండి మరలివచ్చిన తరంగము ఒకమారు ఒకదానికొకటి బలమిచ్చుకొనెను, మరియొకమారు ఒకదానినొకటి చంపుకొనెను. ఆ హెచ్చుతగ్గులను లెక్కించి పొర సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున నున్నదని తేల్చిరి. ఈ పరిశోధనలకు ఆపిల్టన్ 1947లో నోబెల్ బహుమతి నందెను. శ్రోతలు నిదురించువేళ ఒక ప్రసారకేంద్రము ఇంతటి పనికి తోడ్పడుట మావంటివారికి ముచ్చటయే.

ఇక రాత్రికిని పగటికిని భేదమేమి? అడుగుపొర 60 మొదలు 90 కిలోమీటర్ల వరకు నుండును. అచ్చట గాలి కొంత దట్టము. తరంగము కదలించిన ఎలక్ట్రాన్లు గాలి అణువులను ఢీకొని, ఆ శక్తిని వేడిమిగా పోగొట్టును. కనుక పగలు పైకిపోయిన మీడియం వేవ్ తరంగము అక్కడనే హరించును. సూర్యుడస్తమించగానే ఈ పొరలో ఎలక్ట్రాన్లు, అయాన్లు శీఘ్రముగా కలిసిపోవును; అడ్డు తొలగును. 200 కిలోమీటర్లకు పైని గాలి మిక్కిలి పలుచన యగుటచే అచ్చటి అయాన్లకు జోడు దొరకుట కష్టము. అవి తెల్లవారువరకు నిలుచును. తరంగమును వందలకొలది మైళ్ల ఆవల నేలకు దింపునవి ఈ పై పొరలే.

అయితే పొరలు నిశ్చలములు కావు. వేరువేరు దారులవెంట వచ్చిన తరంగములు క్షణక్షణము కలియుచు, విరోధించుచు నుండుటచే రాత్రి పాట ఉబ్బుచు క్రుంగుచు వినబడును. ఆపిల్టన్ కొలతకు సాధనమైన హెచ్చుతగ్గులే ఇవి. దీనికై సెట్టును మరమ్మతుకు పంపనక్కరలేదు. దగ్గరి కేంద్రము పట్టపగలే అట్లు క్రుంగుచున్నచో మాత్రము ముందుగా ఏరియలు తీగను చూచుకొనుడు.