కరెంటు పోయినా మరిచిపోని చిప్పులు

ఆదోనిలో జిరాక్సు అంగడైనా, ఎమ్మిగనూరులో డీటీపీ సెంటరైనా, పాత కంప్యూటరుతో పనిచేసినవాళ్లకు ఇది తెలిసిన తంటానే. పొద్దున స్విచ్ వేయగానే తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటుంది. ఎఫ్1 నొక్కితే గానీ తెర ముందుకు కదలదు. లోపలి బ్యాటరీ అయిపోయిందన్నమాట. దాని చుట్టూ ఎన్ని విశేషాలో!

• మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ సీఆర్2032. కొలత పేరులోనే ఉంది: అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2.

• 1984 నాటి ఐబీఎం పీసీ ఏటీలో బ్యాటరీ కాపాడిన మెమరీ 64 బైట్లే. అందులో 14 గడియారానికి పోగా, సెట్టింగులకు మిగిలింది 50.

• బోర్డు మీద పక్క చిప్పుల కంటే ఎత్తుగా, నల్లటి ఇటుకముక్కలా ఒకటి కనిపిస్తే ఆగి చూడండి. డల్లాస్ కంపెనీ డీఎస్1287 అలాంటిదే. చిప్పు, క్వార్ట్జ్ స్ఫటికం, లిథియం బ్యాటరీ మూడూ ఒకే దిమ్మెలో పోతపోసి ఉంటాయి.

• చిప్పు మీద 9342 లాంటి నాలుగంకెలు ఉంటే చాలాసార్లు అది పుట్టిన తేదీ: 1993వ సంవత్సరం, 42వ వారం. పైన చెప్పిన దిమ్మెల ఆయుష్షు సుమారు పదేళ్లు. అంటే ఆ కాలంనాటివి ఎప్పుడో అలసిపోయి ఉంటాయి.

• సన్ కంపెనీ కంప్యూటర్లు స్పార్క్‌స్టేషన్ 10, 20లలో మామూలు ర్యామ్ పలకల మధ్య బ్యాటరీ మోసే పలక ఒకటి కనిపించవచ్చు. పేరు ఎన్‌వీసిమ్, సామర్థ్యం 2 మెగాబైట్లు. డిస్కుకు చేరాల్సిన సమాచారాన్ని ముందు ఇది పట్టుకునేది. నడుమ కరెంటు పోయినా రాత చెడేది కాదు.

• పాత 386 బోర్డుల మీది పీపాలాంటి నికెల్-కాడ్మియం బ్యాటరీ కారితే రాగి గీతలను తినేస్తుంది. పచ్చగా, తెల్లగా పొక్కు కనిపిస్తే వెంటనే బ్యాటరీని తీసేయాలి.

• బ్యాటరీ అక్కర్లేని జ్ఞాపకాలూ ఉన్నాయి. 1969 నాటి టీడీసీ-12, హైదరాబాదు ఈసీఐఎల్ కంప్యూటరు, అయస్కాంతపు కోర్ మెమరీతో నడిచింది. కరెంటు తీసేసినా అందులోని సంగతి చెరగదు. అంతకు ముందే జకార్డు మగ్గం, చిల్లులు పొడిచిన అట్టల్లో డిజైనును దాచింది. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరు వాళ్లకు మగ్గం సంగతి వేరే చెప్పాలా?

• మళ్లీ బ్యాటరీ చిప్పులకు వస్తే, స్పార్క్‌స్టేషన్ 1, 2లలోని ఎంకే48టీ02 చిప్పులో ఉండేది 2 కిలోబైట్లే. కానీ ఆ యంత్రం నెట్‌వర్కు చిరునామా అందులోనే. బ్యాటరీ చచ్చిందా, యంత్రం తన పేరే మరిచిపోతుంది. సన్ చిరునామాలు సాధారణంగా 08:00:20తో మొదలవుతాయి, మిగతా అంకెలు ఒక్కో యంత్రానికి వేరు. అందుకే పాత చిప్పును గుజిరీకి వేసేముందు, దాని మీది చిన్న స్టిక్కరు చూసి ఆ అంకెలు కాగితం మీద రాసిపెట్టుకోండి. కొత్త చిప్పు వేసినప్పుడు వాటితోనే యంత్రానికి దాని పేరు తిరిగి ఇవ్వవచ్చు.