కొవ్వు కణం పంపే కబురు

ఆరు ముద్దలు తినగానే "ఇక చాలు" అంటారు మీరు. పక్కనున్న స్నేహితుడు మళ్ళీ వడ్డించమంటాడు. "తిండిపోతు!" అని మీరు నవ్వుతారు. నవ్వే ముందు ఈ కథ వినండి.

కొవ్వు కణమంటే నూనె నింపిన తిత్తి వంటిదని శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం అనుకున్నారు. ఆ అభిప్రాయాన్ని మార్చింది ఒక చిట్టెలుకల జాతి. 1949లో అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో అవి బయటపడ్డాయి. ఎంత తిన్నా వాటికి ఆకలి తీరదు. మామూలు చిట్టెలుకలకు మూడింతల బరువు పెరుగుతాయి.

తరువాత అక్కడే డగ్లస్ కోల్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక లావు చిట్టెలుకను, ఒక మామూలు చిట్టెలుకను జతచేసి, ఒకదాని రక్తం రెండవదానిలోకి ప్రవహించేటట్లు చేశాడు. ఏం జరిగిందో ఊహించగలరా? లావు చిట్టెలుక తిండి తగ్గించింది! అంటే, మామూలు చిట్టెలుక రక్తంలో "ఇక చాలు" అని చెప్పే పదార్థమేదో ఉందన్నమాట.

ఆ పదార్థాన్ని తయారు చేయించే జన్యువును 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొంది. పదార్థం పేరు లెప్టిన్. గ్రీకు భాషలో "లెప్టోస్" అంటే సన్నని అని అర్థం. దానిని ముఖ్యంగా తయారు చేసేది కొవ్వు కణమే!

మీకొక సందేహం రావచ్చు. ఎముకలోనూ, చర్మంలోనూ, కొవ్వులోనూ ఉండే జన్యువులు ఒకటే కదా? నిజమే. మీ బడి గ్రంథాలయంలోని పుస్తకాలు కూడా అందరికీ ఒకటే. కాని లెక్కల మాస్టారు తెరిచే పుస్తకం వేరు, తెలుగు మాస్టారు తెరిచే పుస్తకం వేరు. అలాగే ప్రతి కణమూ తన పనికి కావలసిన జన్యువులనే "చదువుతుంది". దీనినే జన్యు వ్యక్తీకరణ అంటారు. కొవ్వు కణం నిండేకొద్దీ లెప్టిన్ జన్యువును ఎక్కువగా చదువుతుంది. లెప్టిన్ రక్తం ద్వారా మెదడును చేరి, "నిల్వ ఉంది" అని కబురు చెబుతుంది. ఉపవాసముంటే ఆ కబురు తగ్గుతుంది. ఆకలి పెరుగుతుంది.

కబురే అందకపోతే? ఇంగ్లండులో దగ్గర బంధువులైన ఇద్దరు పిల్లలు పసితనం నుంచీ తీరని ఆకలితో బాధపడేవారు. విపరీతంగా లావెక్కారు. వారి లెప్టిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం లోపించిందని 1997లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వారిలో తొమ్మిదేళ్ళ పాపకు రోజూ లెప్టిన్ సూదిమందు ఇచ్చారు. ఆకలి అదుపులోకి వచ్చింది. ఏడాదిలో 16 కిలోల బరువు తగ్గింది.

మరి లావుగా ఉన్నవారందరికీ ఈ మందు ఇవ్వవచ్చు కదా? లాభం లేదు. ఇటువంటి లోపం చాలా అరుదు. లావుగా ఉన్న చాలామంది రక్తంలో లెప్టిన్ ఎక్కువగానే ఉంటుంది. మెదడే ఆ కబురును సరిగా వినిపించుకోదు. అలాగని కొవ్వు బొత్తిగా లేకపోవడమూ మంచిది కాదు. కొవ్వు కణాలు దాదాపుగా లేకుండా పుట్టినవారు సన్నగానే ఉంటారు. కాని దాచుకోవడానికి చోటులేని కొవ్వు కాలేయంలో చేరుతుంది. మధుమేహం కూడా వస్తుంది.

కాబట్టి కొవ్వు మన శత్రువు కాదు. మితంగా తినండి, రోజూ ఆడుకోండి. లావుగా ఉన్న స్నేహితుణ్ణి మాత్రం వెక్కిరించకండి. అతని ఆకలి వెనుక ఏ కబురు ఆగిపోయిందో మనకేం తెలుసు?