అనకాపల్లి: మత్తు మానాలనుంది.. ఆస్పత్రికి వెళ్తే బయటపడిపోతామా? గే, బైసెక్సువల్ యువకులకు చట్టం ఇస్తున్న భరోసా ఇదే!

ఏజెన్సీ నుంచి నర్సీపట్నం మీదుగా హైవే ఎక్కే గంజాయిని పోలీసులు పట్టుకున్నారన్న వార్త అనకాపల్లి వాళ్లకు కొత్తేం కాదు. కానీ అదే మత్తులో చిక్కుకుని సాయం అడగలేకపోతున్న ఓ వర్గం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వాళ్లే గే, బైసెక్సువల్ యువకులు. చదువుకో, ఉద్యోగానికో విశాఖ, హైదరాబాద్ వెళ్లిన ఇలాంటి కుర్రాళ్లను రెండు భయాలు వెంటాడుతుంటాయి. ఒకటి పోలీసు కేసు. రెండోది, తన సంగతి ఇంట్లో తెలిసిపోతుందేమోనని.

ఎందుకీ పరిస్థితి?

ఇష్టపూర్వకంగా ఉండే ఇద్దరు పెద్దల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తేల్చేసింది. అయినా పెళ్లి సంబంధాల ఒత్తిడి, ఎగతాళి ఆగలేదు. రోజూ దాచుకుని బతకడం వల్ల వచ్చే ఈ ఒత్తిడిని నిపుణులు 'మైనారిటీ స్ట్రెస్' అంటారు. వీరిలో మత్తు వాడకం ఎక్కువగా ఉండటానికి ఇదో ముఖ్య కారణమని చెబుతారు.

ప్రాణాల మీదకు వచ్చేది ఇక్కడే

నగరాల్లో కొందరు సెక్స్ సమయంలో మెథ్, మెఫెడ్రోన్, జీహెచ్‌బీ లాంటివి వాడుతున్నారు. దీన్నే 'కెమ్‌సెక్స్' అంటారు. జీహెచ్‌బీకి మద్యం తోడైతే శ్వాస ఆగిపోవచ్చు. పాపర్స్‌తో పాటు వయాగ్రా తరహా మాత్రలు వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. మత్తులో కండోమ్ మర్చిపోతే హెచ్‌ఐవీ ముప్పు. అలా జరిగితే 72 గంటల్లోపు డాక్టర్‌ను కలిసి 'పెప్' మందులు మొదలుపెట్టాలి. ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది.

చట్టం ఏం చెబుతోంది?

ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 64ఏ ప్రకారం, మత్తు వాడినందుకో, కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకో కేసు పడిన బాధితుడు తనంతట తానుగా గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. అయితే చికిత్స పూర్తి చేయాలి. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్లకు ఇది వర్తించదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం లైంగికత కారణంగా వైద్యంలో వివక్ష చూపకూడదు. చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప రోగి వివరాలు బయటపెట్టకూడదు. ఇక గే అబ్బాయిని 'మార్చేస్తాం' అంటూ చేసే చికిత్సను నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే వృత్తిపరమైన తప్పుగా ప్రకటించింది.

ఎవరికి ఫోన్ చేయాలి?

మత్తు మానడానికి 14446, మానసిక సాయానికి టెలి మానస్ 14416, హెచ్‌ఐవీ సందేహాలకు 1097. ఇవన్నీ టోల్ ఫ్రీ నంబర్లే. ముందు ఒక్క ఫోన్ చేసి, మాట్లాడి చూస్తే చాలు.